పెట్టెలో గట్టిమేళం

మా చెల్లెలి పెళ్ళిలో గట్టిమేళం వాయించింది ఒక పాత కంప్యూటర్. ఈ మాట చెప్పుకుని నవ్వేవాళ్ళు భిలాయి పక్క రిసాలిలో ఇప్పటికీ ఉన్నారు. నవ్వుకోనీ. ఆ రోజు ఏం జరిగిందో నా నోటితో నేనే చెప్తాను. తలదించుకుని చెప్పాల్సింది అందులో ఒక్క ముక్క కూడా లేదు.

మాది విజయనగరం వైపు పాత ఇల్లు. తాతగారి కాలంలో భూములు కొన్ని జమీందారీ రద్దు చట్టానికి పోయాయి, కొన్ని కోర్టుకు పోయాయి. మిగిలినవి ఆయన ఒక స్నేహితుడి జనపనార మిల్లుకు పూచీ ఉండి పోగొట్టారు. అందుకు ఆయన ఒక్కనాడూ విచారించలేదట. మాటిచ్చాక మిల్లు మునిగిందా తేలిందా అన్నది మిల్లు సంగతి, మాట నిలిచిందా లేదా అన్నది మన సంగతి అనేవారట. నాన్నగారు మీసం రాని వయసులో భిలాయి రైలెక్కి ఉక్కు ప్లాంటులో హాజరు లెక్కలు రాసే టైమ్ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. నేనూ చెల్లీ ప్లాంటు సెక్టారు క్వార్టర్లోనే పుట్టాం. చెల్లి చిన్నతనంలోనే అమ్మ పోతే మమ్మల్ని పెంచింది నాన్నగారి తల్లి, మా మామ్మ. రెండు గదుల క్వార్టర్లో కూడా ఆవిడ మమ్మల్ని గోడకు జేరబడి కూర్చోనిచ్చేది కాదు.

"వెన్నుపూస దేవుడిచ్చినాడు. గోడ ప్లాంటోడిచ్చినాడు. దేన్ని నమ్ముకుంటారో మీరే చూసుకోండి" అనేది.

తొంభైల నడిమిలో చెల్లికి సంబంధం కుదిరింది. అబ్బాయిది దుర్గ్‌లో రైల్వే ఉద్యోగం, వాళ్ళదీ మా వైపు ఊరే. పెళ్ళి క్వార్టరు ముందు షామియానా వేసి చేద్దామనుకున్నాం. లగ్నం పెట్టుకున్న వారంలోనే బాబాయి వచ్చాడు.

బాబాయి అంటే నాన్నగారి పినతండ్రి కొడుకు. దుర్గ్‌లో పెద్ద కాంట్రాక్టరు. తాతగారి ఇల్లు వేలానికి వచ్చినప్పుడు కొన్నది ఈయన తండ్రే. చట్టప్రకారం కొన్నారు, అందులో నాకు పేచీ లేదు. ఇంటితోపాటు పెద్దరికాన్ని కూడా కొనేశామనుకున్నారు, నా పేచీ అక్కడ. బాబాయి కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, నాన్నగారితో అన్నాడు:

"అన్నయ్యా, మేళం సంగతి నాకొదిలీ. విశాపట్నం నుంచి పెద్ద సెట్టు దించుతాను. సన్నాయోడు రేడియోలో వాయించినోడు. నువ్వేటీ చూసుకోనక్కర్లేదు."

వినడానికి సాయంలాగే ఉంటుంది. కానీ మా ఇంటి ఆచారం తెలిసినవాళ్ళకు అది సాయం కాదు. మా ఇంట్లో పెళ్ళి ముగిశాక మేళం వాళ్ళు వాద్యాలు పక్కన పెట్టి ఇంటి పెద్ద ముందుకు వస్తారు. ఆయన స్వయంగా తాంబూలం అందిస్తాడు. వాళ్ళు వంగి తీసుకుంటారు. పందిరంతా చూస్తుంది. ఇంటి పెద్ద ఎవరన్నది మా వంశంలో కాగితాల మీద ఎప్పుడూ రాయలేదు. ఆ తాంబూలం ఏ చేతిలోంచి వస్తే ఆ చెయ్యే పెద్దది. మేళం బాబాయి పెట్టిస్తే తాంబూలం బాబాయే ఇస్తాడు. కూతురి పెళ్ళి పందిట్లో, నలుగురి ముందు, నాన్నగారు తన ఇంటికి తానే చుట్టమైపోతారు.

 నాన్నగారికి మొహం మీద కాదనడం చేతకాదు. నాకు చేతనవును.

"మేళం మాకుంది బాబాయ్" అన్నాను.

"ఏదిరా? ఎక్కడుంది? ట్రంకుపెట్టిలో దాచినారేటి?"

"ఉంది. పెళ్ళినాడు వినండి."

బాబాయి నవ్వి, టీ తాగి, వెళ్ళాడు. ఆయన కారు సందు మలుపు తిరిగాక మామ్మ అడిగింది: "మేళం ఎక్కడుందిరా?"

"ఊళ్ళో ఉంది మామ్మా. మన మేళం."

మా ఇంటికి తరాలుగా ఒకే కుటుంబం వాయించేది. అందుకు వాళ్ళకు కొంత భూమి ఉండేది. తాతగారు పూచీ సంతకం పెట్టడానికి ముందే దాన్ని వాళ్ళ పేర రాసేశారు, అందుకే వేలంలోకి రాలేదు. ఆ ఇంట్లో ముసలి సన్నాయి ఆయన ఇంకా ఉన్నాడని తెలుసు. సెలవు పెట్టి వెళ్ళాను. ఆయన అరుగు మీద గొంగళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. తాతగారి మనవణ్ణని చెప్తే లేవబోయి లేవలేకపోయాడు.

"ఊపిరుంది బాబూ, కాళ్ళే లేవు. అంత దూరం రైల్లో నానెక్కడ వస్తాను?"

వెంట తెచ్చిన టేప్‌రికార్డర్ ముందు పెట్టాను. "మీరు రానక్కర్లేదు. గట్టిమేళం ఒక్కసారి ఇందులోకి వాయించండి, చాలు."

ఆయన చేతిలోకి తీసుకోబోయిన సన్నాయిని మళ్ళీ గుడ్డలో చుట్టేశాడు.

"ముహూర్తం లేకండా గట్టిమేళమా? పీనుగు లేకండా ఏడవమన్నట్టుంది బాబూ మీ మాట."

మామూలు మేళం ఎంతైనా వాయిస్తాడట. గట్టిమేళం మాత్రం జీలకర్ర బెల్లానికి, మళ్ళీ ముడి పడే వేళకు, అంతే. ముహూర్తం లేని చోట అది మోగితే ఆ ఇంటికి అరిష్టం. నేను వాదించలేదు. ఆయన నియమం మా ఇంటి నుంచి నేర్చుకున్నదే. కాసేపటికి ఆయనే దారి చెప్పాడు: "ఉండండి. పక్కూళ్ళో పెళ్ళుంది, నన్ను బండి మీద తీసుకెల్తారు. ఆడ వాయించింది మీ డబ్బాలోకి ఎక్కించుకోండి."

"వేరేవాళ్ళ పెళ్ళి మేళం మన పెళ్ళికి పనికొస్తుందా?"

"మేళం ఒకటే బాబూ. పిల్లా పిల్లడే మారతారు."

అలా ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళిలో, డోలు పక్కన చతికిలబడి, ఆయన మామూలు మేళం, గట్టిమేళం రెండూ రికార్డు చేసుకుని భిలాయి తిరిగొచ్చాను.

ఇంట్లో మామ్మది కూడా అదే నియమం. పెళ్ళిపిల్ల ఉన్న కొంపలో ముందుగా గట్టిమేళం వినపడడానికి వీల్లేదంది. సరే, ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను.

"అదీ వద్దురా. నీ చెవిలో మోగితే మూడుముళ్ళు నీకు పడతాయి" అంది.

"పడనీ మామ్మా, ఖర్చు కలిసొస్తాది" అంది చెల్లి లోపల్నుంచి.

విన్నాను. సన్నాయి బ్రహ్మాండంగా ఉంది. డోళ్ళు గుండెల మీద మోగుతున్నాయి. అంతలో నడిమధ్యన, ఆ పెళ్ళివారి వంటమనిషి కాబోలు, గొంతు చించుకుని అరిచాడు: "ఒరే! పప్పు మాడిపోనాదిరా! మొత్తం పోనాదిరా!"

గట్టిమేళం ఎందుకు పెట్టారో మామ్మ చిన్నప్పుడే చెప్పింది. తాళి కట్టే క్షణంలో తుమ్మూ తిట్టూ ఏడుపూ ఏ చెడ్డ మాటా వధూవరుల చెవిన పడకూడదని, అన్నిటినీ ముంచేసేలా వాయిస్తారు. ఇక్కడ మేళమే ఆ మాటను మోసుకొచ్చింది. నేను చెప్పేసరికి మామ్మ నుదురు కొట్టుకుంది.

"మొత్తం పోయిందన్న మాటతో నా మనవరాలికి తాళి కట్టిస్తావేటి? తీసీ దాన్ని. లేకపోతే మేళమే వద్దు."

క్యాసెట్‌లోంచి ఒక అరుపును తీయడం ఎలా? ఆపి మళ్ళీ ఎక్కిస్తే అక్కడ టక్కుమని చప్పుడు, డోలు దెబ్బ తప్పిపోవడం. అప్పుడే కంప్యూటర్ గుర్తొచ్చింది. నేను అప్పట్లో సెక్టారు మార్కెట్లో ఒక చిన్న సంస్థలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. అక్కడ కొత్త యంత్రాలు వచ్చినప్పుడు పాతవాటిని తీసేశారు. వాటిలో 386 అనే పాత రకాన్ని ఒకటి నేను కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాను. రాయ్‌పూర్ నుంచి సౌండ్ కార్డు తెచ్చి బిగించాను. టేప్‌రికార్డర్ నుంచి తీగ కలిపి మేళాన్ని అందులోకి ఎక్కిస్తే శబ్దమంతా తెర మీద గీతలుగా కనిపించింది. వంటవాడి అరుపు ఎక్కడుందో కంటితో చూడొచ్చు. ఆ ముక్క కోసి, అటు డోలు దెబ్బకు ఇటు డోలు దెబ్బ అతికించాను. అతుకు నాకే వినిపించలేదు.

కానీ ఫైలు బండెడు అయింది. ఆ యంత్రం డిస్కు నిదానం, మెమరీ చిన్నది. వాయించమంటే కొంచెం వాయించి, ఆగి, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ వాయించేది. నత్తివాడు మంగళాష్టకాలు చదివినట్టుండేది.

సుపేలా బజారులో నాకు తెలిసిన కంప్యూటర్ దుకాణం ఒకటుంది. దాని యజమాని నా ఈడువాడే. శ్రీకాకుళం వాళ్ళబ్బాయి, ఇక్కడే పుట్టాడు. తెలుగు మొదలుపెట్టి హిందీలో పూర్తిచేసేవాడు. సంగతి విని ఒక ఫ్లాపీ ఇచ్చాడు. శబ్దం ఫైళ్ళను కుదించే ప్రోగ్రాం. షేర్‌వేర్ అన్నాడు. రాసినవాడు దాన్ని దుకాణంలో పెట్టి అమ్మడు, ఊరికే పంచిపెడతాడు. తెరవగానే ఆయన మాటే తెర మీద వస్తుంది: వాడి చూడండి, మీ స్నేహితులకూ ఇవ్వండి, ఉంచుకోవాలనుకుంటే వెల పంపండి, అక్కర్లేకపోతే తుడిచేయండి. కింద ఆయన ఊరు, చిరునామా. అంతే. తాళం లేదు, కాపలా లేదు.

ఆ నాలుగు వాక్యాలు మళ్ళీ ఒకసారి చదివాను. మాట మీద సరుకిచ్చే మనుషులు మా తాతగారితోనే పోయారనుకున్నాను. ఎక్కడో సముద్రాల అవతల, నా మొహం కూడా ఎరగని ఒకాయన, నేను పెద్దమనిషినని నమ్మి తన కష్టాన్ని నా చేతిలో పెట్టాడు.

ప్రోగ్రాం బాగా పనిచేసింది. మేళం చిన్నదై మెమరీలో ఇమిడింది. మీట నొక్కితే, కట్ట విప్పుకోవడానికి కాస్త సమయం తీసుకుని, ఆపైన తడబడకుండా మోగింది. సన్నాయి అంచు కాస్త మొద్దుబారింది, డోలులో రేకు చప్పుడు చేరింది. అయినా ఆ ముసలాయన ఊపిరే అది, పోల్చుకోవచ్చు. చిక్కు ఇంకోచోట ఉంది. వెల కట్టని కాపీతో కుదిస్తే ప్రతి ఫైలు చివర ఆ ప్రోగ్రాం ఒక గొంతును అతికిస్తుంది. మగ గొంతు, నింపాదైన ఇంగ్లీషు: ఈ శబ్దాన్ని కుదించింది ఇంకా వెల ముట్టని కాపీ.

వెల పంపడానికి బ్యాంకుకు వెళ్ళాను. డాలర్లు కావాలంటే కౌంటర్లో ఆయన కళ్ళజోడు మీదనుంచి చూశాడు. ఏ కంపెనీ, బిల్లు ఏదీ, పర్మిషన్ ఏదీ అన్నాడు. నా దగ్గర ఉన్నది తెర మీద చదివిన నాలుగు వాక్యాలు. పెళ్ళి లోపల అయ్యే పని కాదని తేలిపోయింది. మళ్ళీ సుపేలా వెళ్ళి దుకాణం అతనికి చెప్పాను.

"ఇదేం బడీ బాత్ భయ్యా? నా దగ్గర క్రాక్ ఉంది, వెల కట్టేసినట్టు దాన్ని నమ్మించేది. దో మినట్ కా కామ్. ఆ గొంతు పోద్ది, తెర మీద ఎవరో గోరా దొర పేరొస్తది, బస్."

"ఎవరి పేరు?"

"కిస్‌కో పతా? ఎవడో పైసలు కట్టాడు, వాడి పేరు. మీకేంటి?"

"మా చెల్లి పెళ్ళి మేళం మీద ఎవడి పేరో ఎందుకుంటుంది?"

"అరె, తెర ఎవరు చూస్తారు భయ్యా? పందిట్లో అందరూ పూరీ వైపు చూస్తారు."

"నేను చూస్తాను."

అతను రెండు చేతులూ జోడించాడు. "ఆప్ ఠహరే రాజా లోగ్!"

మీరు రాజావారు కదా అని వెటకారం, తెలుసు. "అవును" అని వచ్చేశాను.

బాబాయి మేళం వద్దన్నది పరాయి చెయ్యి మీద బతకకూడదని. ఆ చెయ్యిని కాదని ఇంకో పరాయివాడి జేబులో చెయ్యి పెడతానా? గొంతు ఉంటే ఉండనీ. మేళం మూడు ముళ్ళకు సరిపోయేంత పొడుగుంది. పురోహితుడు చెయ్యి దించగానే నేను ఆపేస్తే, గొంతు దాకా రాదు.

మా పురోహితుడు ప్లాంటులో కోక్ ఓవెన్స్ అనే బొగ్గు కొలుముల దగ్గర పనిచేసేవాడు. పెళ్ళిళ్ళు పడితే సెలవు పెట్టుకుని వచ్చేవాడు. ఏర్పాటంతా చెప్తే శ్రద్ధగా విన్నాడు.

"చెయ్యెత్తితే మొదలు, దించితే బందు. అంతే కదా? కోక్ ఓవెన్లో కూడా మాకవే సైగలు బాబూ. ఆ హోరులో మాటలెక్కడ వినపడతాయి?" అన్నాడు.

పెళ్ళిరోజు కంప్యూటర్‌ని ముందుగది కిటికీ దగ్గర పెట్టాను. అక్కడినుంచి పీటలు తిన్నగా కనిపిస్తాయి. టెంట్‌హౌస్ వాళ్ళ యాంప్లిఫయరు, షామియానా గుంజలకు రెండు హారన్ లౌడ్‌స్పీకర్లు. మామూలు మేళం ముక్కలు కొన్ని ముందుగా మోగించి చూశాం. గట్టిమేళం మాత్రం ఒక్కసారి కూడా బయటికి వినిపించలేదు, మామ్మ కిటికీ పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. బాబాయి సిల్కు లాల్చీలో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మెడ తిప్పి పందిరంతా వెతికాడు, డోళ్ళు ఎక్కడున్నాయా అని.

పగటి ముహూర్తం. జీలకర్ర బెల్లం వేళకు పురోహితుడు చెయ్యెత్తాడు. మీట నొక్కాను. యంత్రం కాసేపు గుటకలు మింగింది. తర్వాత హారన్లలోంచి సన్నాయి ఒక్కసారిగా లేచింది, వెనకే డోళ్ళు. సందులో సైకిళ్ళు ఆగిపోయాయి. ఎదురు క్వార్టర్ల ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. మామ్మ కళ్ళు మూసుకుంది. పురోహితుడు చెయ్యి దించాడు, ఆపాను. ఇంగ్లీషు గొంతు బయటికి రాలేదు. బాబాయి ఇంకా డోళ్ళ కోసమే చూస్తున్నాడు.

తాళి కట్టే వేళ వచ్చింది. చెయ్యి లేచింది. మళ్ళీ మీట, మళ్ళీ మేళం. మొదటి ముడి పడింది. రెండో ముడి పడింది. మూడో ముడికి పసుపుతాడు వెళ్ళి పూలజడలో చిక్కుకుంది. పెళ్ళికొడుకు లాగితే జడ కదులుతోంది, తాడు రావడం లేదు. వాళ్ళ అక్క వంగి పూలు తప్పిస్తోంది. పురోహితుడి చెయ్యి గాల్లోనే ఉంది.

ఆ మేళం నాకు కంఠతా వచ్చు. చివర డోళ్ళు ఎక్కడ ముడుచుకుంటాయో, ఆ తర్వాత ఎంతలో ఆ గొంతు లేస్తుందో తెలుసు. డోళ్ళు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. నా వేలు ఆపే మీట మీద ఉంది. ఆపితే బాబాయి ఏమీ వినడు, ఎవరూ ఏమీ వినరు. కానీ ముడి పడకుండా మేళం ఆగిపోతుంది. పందిట్లో నిశ్శబ్దం పడుతుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరు తుమ్మినా, ఎవరేమన్నా, అది మా చెల్లి చెవిన పడుతుంది. మళ్ళీ మొదటినుంచి వాయిద్దామంటే యంత్రం కట్ట విప్పుకునేదాకా ఆ నిశ్శబ్దం తప్పదు. ఆపకపోతే, వెల కట్టని నా సంగతి హారన్లలో మొత్తం సెక్టారుకు తెలుస్తుంది.

వేలు తీసేశాను.

డోళ్ళు ఆగీ ఆగకముందే దొర గొంతు లేచింది. షామియానా మీదుగా, క్వార్టర్ల మీదుగా, మర్యాదగా, తొందర లేకుండా, తన మాట తాను చెప్పుకుంది. ఆ మాట నడుస్తుండగానే తాడు జడలోంచి వచ్చింది, మూడో ముడి పడింది. పురోహితుడు తడుముకోలేదు, గొంతు పెంచి మంత్రం అందుకున్నాడు. అక్షింతలు పడ్డాయి.

తర్వాత మొదలైంది గోల.

"ఎవుడ్రా మాటాడినాడు?"

"ప్లాంటోళ్ళ అనౌన్స్‌మెంటేమో."

"మూడో ముడి ఇంగ్లీషులో పడిందండీ, మావాడికి ప్రమోషన్ గ్యారంటీ!" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. మంచివాడు, తేల్చేద్దామనుకున్నాడు.

బాబాయి తేలనివ్వలేదు. లేచి నిలబడ్డాడు. కిటికీలోంచి కంప్యూటర్ని అప్పుడే చూశాడు.

"ఏట్రా, పంతులుగారికి దొరతో వంత పెట్టించినావా? ఏటన్నాడో అందరికీ చెప్పు మరి. ఇంగ్లీషులో పాఠాలు చెప్పీవోడివి కదా."

ఆయనకు ఇంగ్లీషు బాగానే వచ్చు. విన్నది అర్థమైంది కాబట్టే నాతో చెప్పించాలనుకున్నాడు. నేను బయటికి వచ్చి గుమ్మం మెట్టు మీద నిలబడ్డాను.

"చెప్తాను బాబాయ్. మన మేళాన్ని ఈ పెట్టెలో పట్టేలా చేసింది తన పనిముట్టనీ, దాని వెల తనకింకా ముట్టలేదనీ అన్నాడు. నిజమే. పంపుదామని బ్యాంకుకు పోతే దారి లేదన్నారు. ఆయన నోరు నొక్కేసే దొంగదారి సుపేలాలో దొరికింది, నాకు అక్కర్లేకపోయింది. వాయించింది మన ఊరి సన్నాయి, మన ఇంటి మేళం. ఇంకేమైనా అడగాలా?"

కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాను. నవ్వు తగ్గింది.

బాబాయి నాన్నగారి వైపు తిరిగాడు. "బాగుంది అన్నయ్యా. మరి తాంబూలం ఎవరికిస్తావు? పెట్టికిస్తావేటి?"

అప్పటిదాకా పీటల మీద తలవంచుకుని కూర్చున్న నాన్నగారు లేచారు. టైమ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు తలవంచి రాసిన మనిషి అలా లేవడం నేనెప్పుడూ చూడలేదు. నన్నే అడిగారు, పందిరంతా వినేలా: "ఎంతమంది వాయించినార్రా?"

"సన్నాయి ఆయన, డోలు ఇద్దరు, శ్రుతి ఒకరు, తాళం ఒకరు నాన్నగారూ."

"ఆ మాటాడినాయన్ని వదిలీసేవేటి? ఆయన గొంతు మీదే కదా మూడో ముడి పడ్డాది. ఆయన్నీ కలుపు."

అందరికీ తాంబూలాలు పెట్టించారు. ఒక్కొక్కదానిలో ఆకూ వక్కా పసుపుకొమ్మూ కొబ్బరికాయా కండువా ఆయనే సర్దారు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. తర్వాత నన్ను పిలిచారు.

"మేళం తరఫున నువ్వు పుచ్చుకో. వాళ్ళెలా పుచ్చుకుంటారో అలా పుచ్చుకోవాలి."

నేను నడుం వంచి, రెండు చేతులూ చాచి, ఒక్కొక్కటీ తీసుకున్నాను. నన్ను ఎరిగినవాళ్ళకు నేను అంత వంగడం వింతగా ఉండి ఉంటుంది. ఇష్టంగానే వంగాను. ఎన్నిసార్లు వంగానో అన్నిసార్లు ఆ ఇచ్చే చెయ్యి ఎవరిదో పందిరికి తెలిసింది. బాబాయి కూర్చున్నాడు. భోజనాలకు ఉండలేదు, పనుందని వెళ్ళిపోయాడు. విస్తళ్ళ దగ్గర నాన్నగారిని ఎవరో "పెద్దబాబుగారూ, మొదలెట్టమంటారా?" అని అడిగారు. మామ్మ ఆ మాటను రెండోసారి అనిపించుకుని విన్నది.

పెళ్ళివారు వెళ్ళాక నేను ఊరెళ్ళి మేళం వాళ్ళ తాంబూలాలు ఇచ్చి వచ్చాను. ముసలాయన కండువా కళ్ళకద్దుకుని ఒకటే అడిగాడు: "మోగినాదా బాబూ?"

"సందంతా ఆగిపోయింది."

"మరి పప్పు మాటో?"

"అది తీసేశాను."

"ఇంకేటి కావాలి?" అన్నాడు.

దొర తాంబూలం మిగిలింది. ఆకు వాడిపోతుంది, కొబ్బరికాయ వెళ్ళదు. వక్కలు, పసుపుకొమ్ములు, కండువా ఒక గుడ్డసంచిలో కుట్టి, తెర మీది చిరునామా రాసి పోస్టాఫీసుకు పట్టుకెళ్ళాను. పార్సెల్ గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి వాసన చూశాడు.

"క్యా హై ఇస్ మే?"

"సుపారీ, హల్దీ, కపడా."

"విదేశ్ మే సుపారీ? అచ్ఛా, గిఫ్ట్ లిఖ్ దేతా హూఁ."

"గిఫ్ట్ నహీఁ హై" అన్నాను. "షాదీ మే బజానేవాలే కా హక్ హై."

అతను కలం ఎత్తి పట్టుకుని నా మొహంలోకి చూశాడు. నేను కదల్లేదు. చివరికి, వాద్యకారుడికి చెందవలసినవి అని ఇంగ్లీషులో రాశాడు. దొర నుంచి జవాబు రాలేదు. జవాబు కోసం పంపలేదు.

పోస్టాఫీసు నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తాంబూలం వాయించినందుకు. ఆయన అడిగిన వెల వేరు, అది పంపే దారి నాకు లేదు. వెల పంపనప్పుడు ఉంచుకోకూడదన్నది ఆయన మాట. ప్రోగ్రాం తుడిచేశాను. ముహూర్తం లేని ఇంట్లో గట్టిమేళం ఉండకూడదు కాబట్టి దాన్నీ తుడిచేశాను. క్యాసెట్‌ని ముసలాయనకే పంపేశాను.

అప్పటినుంచి అడిగినవాళ్ళు చాలామంది. పక్క సెక్టారు వాళ్ళు, రిసాలి వాళ్ళు, పక్క ఊరు ఉతై నుంచి ఒక కిరాణా ఆయన, తమ పిల్లల పెళ్ళికి ఆ ఫ్లాపీ కావాలని. పందిట్లో నవ్వినవాళ్ళు కూడా వచ్చారు. సుపేలా దుకాణం అతను, ఇద్దరం కలిసి పెళ్ళిళ్ళకు తిప్పుదాం భయ్యా, సీజన్లో తీరిక ఉండదు అన్నాడు. లేదని అందరికీ ఒకటే జవాబు చెప్పాను. కొన్నాళ్ళకు బాబాయి కూడా వచ్చాడు. ఈసారి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయన పెద్దకూతురికి సంబంధం కుదిరిందట. విశాఖ మేళం వాళ్ళు ఆ తేదీకి కుదరదన్నారట.

"నీ పెట్టి ఓసారి పట్రారా. దొర గొంతుతో సహా మోగనీ, నాకేటీ నామోషీ లేదు."

"తుడిచేశాను బాబాయ్."

"తుడిచీసినావా?" ఆయనకు నమ్మకం కలగలేదు. లేచి వెళ్ళి కంప్యూటర్ తెరను చేత్తో తట్టి చూశాడు. "అంత పాటుపడి చేసి, ఒక్క పెళ్ళికి వాడి తుడిచీసినావా? నీకు పిచ్చిరా."

"మేళం వాళ్ళు పెళ్ళయ్యాక పందిట్లోనే ఉండిపోరు బాబాయ్" అన్నాను.